పౌండు నాణెం పట్టేంత సందు

ఆ కారు కళ్ళతో చూసి కొన్నది కాదు, చెవులతో విని కొన్నది.

1993 మార్చి. ఇంగ్లండ్‌లోని సండర్‌ల్యాండ్‌లో జూనియర్ డాక్టరుగా చేరి రెండో ఏడు నడుస్తోంది. రాత్రి డ్యూటీ దిగి నిద్రమత్తులో బస్సు కోసం నిలబడి ఉంటే, సిగ్నల్ దగ్గర ఏదో బండి వచ్చి ఆగింది. ఆ ఇంజన్ చప్పుడు వినగానే ఏలూరు గుర్తొచ్చింది. మా మామయ్య అంబాసిడర్ టాక్సీ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ద్వారకా తిరుమల బేరం తగిలితే మామయ్య నన్ను కూడా ఎక్కించుకునేవాడు. తెల్లవారుజామున చోక్ లాగి స్టార్ట్ చేస్తే, ఇంజన్ కాసేపు గొంతు సవరించుకుని, ఆ తర్వాత కుదురుగా కొట్టుకునేది. అదే చప్పుడు. కాకపోతే ఇది కాస్త బొంగురు. తలెత్తి చూస్తే, కప్పు వెనక్కి మడిచిన రెండు సీట్ల ఎంజీబీ, పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు.

నా చెవులు తప్పు వినలేదని తర్వాత తెలిసింది. అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి వాడిన 1489 సీసీ ఇంజనూ, ఎంజీబీలో ఉండే 1798 సీసీ ఇంజనూ ఒకే వంశం. బీఎంసీ, అంటే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి-సిరీస్. మామయ్య టాక్సీకి ఈ స్పోర్ట్స్ కారు పెదనాన్న కొడుకన్నమాట.

రెండు నెలలు తిరక్కుండానే ఒకటి కొనేశాను. 1967 మోడల్, ముదురాకుపచ్చ, వైర్ వీల్స్. 2,600 పౌండ్లు. మేము చీటీ పాటలా నెలనెలా దాచుకున్న డబ్బులో ముప్పాతిక వంతు పోయింది. మా ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి, “రోజూ వాన పడే ఊళ్ళో కప్పు లేని కారేమిటండీ?” అంది. కప్పుంది, బట్టది అన్నాను. “గొడుక్కి ఇంత డబ్బా?” అని లోపలికి వెళ్ళిపోయింది.

కొనేముందు నేనేం పరీక్షలు చెయ్యకపోలేదు. మామయ్య నేర్పినవన్నీ చేశాను. ఆయిల్ పుల్ల తీసి వేళ్ళ మధ్య రుద్ది చూశాను. రేడియేటర్ మూత తీసి చూశాను. సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి పొగ వాసన చూశాను. ఇంజన్ నిక్షేపంలా ఉంది. బాడీ సంగతి చూడాలని తోచనే లేదు. మా ఊళ్ళో కార్లు ఇంజన్ పోయి మూలపడతాయి. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లే దేశంలో కారు వేరే రకంగా చస్తుందని ఎవరు చెప్పాలి? ఎడమ తలుపు కాస్త ఎత్తి వేస్తే గానీ పడటం లేదు. “పాత కారు కదా, అది దాని స్వభావం” అన్నాడు అమ్మినాయన. ఆ మాట నాకు ముచ్చటగా కూడా అనిపించింది. బుద్ధి లేక.

జూన్‌లో ఒక ఆదివారం ఇంటి ముందే ఎడమ వెనక టైరు పంక్చరయింది. ఎంజీబీకి జాకీ పెట్టే చోటు ఒక్కో పక్క ఒక్కటే, సరిగ్గా మధ్యలో, తలుపు కింద. అక్కడ ఎత్తితే ముందు చక్రం, వెనక చక్రం రెండూ కలిసి లేవాలి. జాకీ కొక్కెం దూర్చి హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాను. జాకీ లేస్తోంది, బండి లేవటం లేదు. ఇంకో రెండు తిప్పులు తిప్పేసరికి లోపల ఏదో అప్పడం విరిగినట్టు చప్పుడైంది. ఆకుపచ్చ రంగు పెచ్చులుగా లేచి, దాని వెనకనుంచి గుప్పెడు తుప్పు నా చెప్పుల మీద రాలింది. తుప్పులో గులాబీరంగు ముక్కలు కూడా ఉన్నాయి. అది రేకు కాదు, లప్పం.

పక్కింటి పెద్దాయన కంచె కత్తిరించడం ఆపి ఇదంతా చూస్తున్నాడు. వియర్ నది ఒడ్డున ఓడలు కట్టే యార్డులో ముప్పై నాలుగేళ్ళు వెల్డర్‌గా చేసినాయన. 1988 డిసెంబరులో ఊళ్ళో చివరి యార్డు కూడా మూతపడ్డాక ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇక్కడ చిన్న పిల్లాడు కూడా పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలుస్తాడు గానీ, మా నాన్న ఈడు మనిషిని అలా పిలవడానికి నాకు నోరు రాక “అంకుల్” అనేవాణ్ణి. మొదట్లో ఆయన వెనక్కి తిరిగి ఎవరా అని చూసేవాడు. తర్వాత అలవాటైపోయి, ఫోన్ చేస్తే “అంకుల్‌ని మాట్లాడుతున్నా” అనే అనేవాడు. నన్ను మాత్రం “డాక్” అనేవాడు.

అంకుల్ వచ్చి నేను చేసిన కన్నం వైపు చూడనే లేదు. ముందు జాకీ దించమన్నాడు. జేబులోంచి ఒక పౌండు నాణెం తీసి, ఎడమ తలుపుకీ వెనక రెక్కకీ, అంటే చక్రం మీద కప్పినట్టుండే రేకుకీ, మధ్య ఉన్న సందులో పెట్టాడు. పైన దూరలేదు. మధ్యలో బలవంతాన దూరింది. కింద రెండు నాణేలు కలిపి పెట్టినా ఇంకా చోటుంది. కుడి తలుపు దగ్గరికెళ్ళి అదే చేశాడు. అక్కడ కొంచెం నయం. నాణెం జేబులో వేసుకుని, “డాక్, నీ కారు నడుము విరిగింది” అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక వారం పట్టింది. ఎంజీబీ 1962లో వచ్చింది. దానికి ముందున్న ఎంజీఏకి కింద విడిగా ఛాసీ ఉండేది, బాడీ దాని మీద కూర్చునేది. ఎంజీబీకి ఆ ఛాసీ తీసేశారు. డాన్ హేటర్ గీసిన బాడీలో రేకునే మడిచి పెట్టెల్లా కట్టి, ఆ పెట్టెలతోనే బరువంతా మోయించారు. కప్పున్న కారులో పైన టాప్ కూడా కొంత బరువు పంచుకుంటుంది. ఇందులో అది లేదు కాబట్టి భారమంతా రెండు తలుపుల కింద ఉండే సిల్స్ మీదా, మధ్యలో గేర్‌బాక్స్ సొరంగం మీదా పడుతుంది. ముందు ఇంజన్ బరువు, వెనక యాక్సిల్, మధ్యలో ఇద్దరు మనుషులు. నాకు నులకమంచం తట్టింది. అటూ ఇటూ పట్టెలు గట్టిగా ఉన్నంతకాలం మంచం మంచమే. పట్టె పుచ్చితే ఎంత మంచి నులక అల్లినా నడుం కిందికి జారుతుంది. కారు మధ్యలో కుంగితే తలుపుకి ముందున్న స్తంభమూ వెనకున్న స్తంభమూ పైన దగ్గరకి వంగుతాయి. అందుకే పైన నాణెం దూరలేదు.

“అయితే మధ్యలో జాకీ పెట్టి ఎత్తి అతికించేస్తే?” అని అడిగాను. “ఎత్తి అతికిస్తే ఎత్తినట్టే అతుక్కుంటుంది. కుంగినప్పుడు అతికిస్తే కుంగినట్టే. ముందు దాన్ని నిటారుగా నిలబెట్టడం తెలియాలి” అన్నాడు.

1988 నుంచి ఎంజీబీకి పాత అచ్చులతోనే కొత్త బాడీ షెల్ మొత్తం తయారుచేసి అమ్ముతున్నారు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో. అంకుల్ ముందు దాని మాటే ఎత్తాడు. నా జీతం సంగతి చెప్పాక మళ్ళీ ఎత్తలేదు. “సరే, శీతాకాలం ఖాళీగానే ఉన్నాను. రేకు డబ్బులూ గ్యాస్ డబ్బులూ నువ్వు పెట్టుకో” అన్నాడు. అక్టోబరులో కారు ఆయన గ్యారేజీలోకి వెళ్ళింది.

మొదటి నెలంతా విప్పడమే. సీట్లు, కార్పెట్లు, కింద సొరంగం పక్కనుంచి పోయే పెట్రోలు గొట్టం, సీట్ల వెనక నేల కింద ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు. ఆ బ్యాటరీల గూళ్ళు కూడా జల్లెడైపోయాయి. ముందు రెక్కలు బోల్టులతో ఉంటాయి, విప్పేయచ్చు. విప్పేయచ్చు అని రాసినంత సులువు కాదు. విండ్‌స్క్రీన్ కాలి దగ్గర దాక్కున్న ఒక బోల్టు కోసం డాష్‌బోర్డు కిందికి తలకిందులుగా దూరి, మూడు ఆదివారాలు తిట్టుకున్నాను.

రెక్క ఊడొచ్చాక అసలు దొంగ దొరికాడు. చక్రం వెనక, రెక్క లోపల ఒక అడ్డురేకు ఉంటుంది. దాని రబ్బరు అంచు ఎండిపోయి చీలిపోతే చక్రం చిమ్మిన బురద దాని వెనక చేరుతుంది. చేరిన బురద తడారదు. ఉప్పు కలిసిన ఆ బురద ఇరవై ఆరేళ్ళు సిల్ ముందుకొస మీద కూర్చుంది. గరిటెతో తీస్తే బకెట్టు నిండింది. పైపెచ్చు సిల్ అడుగున నీళ్ళు కారిపోవడానికి ఉన్న చిన్న రంధ్రాలను ఎవరో పుణ్యాత్ముడు తుప్పు పట్టకుండా బండి అడుగున పూసే నల్లటి అండర్‌సీల్ పూసి మూసేశాడు. వచ్చిన నీరు వచ్చినట్టే లోపల.

ఇక సిల్. బయటి రేకు కోస్తే దాని కింద ఇంకో రేకు. అది కోస్తే అసలు సిల్, అంటే దానిలో మిగిలింది. తప్పుడు పనిని దాచడానికి దాని మీద రేకు, దాని మీద లప్పం, దాని మీద రంగు. లోపల కన్నాలున్న చోట గ్లాస్ ఫైబర్ జాలీ, జాలీ వెనక ఆనుకోవడానికి పాత పేపర్ల ఉండలు. అంకుల్ ఒక ఉండ విప్పి, కళ్ళజోడు పెట్టుకుని, టీవీల అమ్మకం ప్రకటన తీరిగ్గా చదివాడు. “టీవీలు అప్పుడే బాగా చవక” అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఈ పేపరు ముద్దల మీద నా పెళ్ళాన్ని కూర్చోబెట్టి గంటకి అరవై మైళ్ళు తోలాను. అమ్మినాయనకి ఫోన్ చేసి అడుగుదామంటే, “నువ్వు పేషెంటు పాదాలు చూడకుండా మందు రాస్తావా?” అన్నాడు అంకుల్. ఫోన్ చెయ్యలేదు.

పాడైనదంతా కోసేముందు కారుని కదలకుండా పట్టి ఉంచాలి. అంకుల్ ఇనప గొట్టాలతో ఒక అడ్డు చేశాడు. తలుపు కీళ్ళుండే స్తంభానికి ఒక చివర, తాళం పడే స్తంభానికి ఒక చివర. మధ్యలో ఓడల మీద తాళ్ళు బిగించే టర్న్‌బకిల్. బండిని ముందూ వెనకా, స్ప్రింగుల బరువు పడే చోట్ల స్టాండ్ల మీద నిలబెట్టి, రోజుకి పావు తిప్పు చొప్పున టర్న్‌బకిల్ తిప్పేవాడు. పావు తిప్పు, తలుపు పెట్టి చూడటం, నాణెం పెట్టి చూడటం, తలుపు తీసెయ్యడం, టీ. ఇంకో తిప్పు తిప్పుదాం అంకుల్ అంటే, “రేపు” అనేవాడు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో నాణెం పైమూలలో దూరింది. అప్పుడు కూడా, ఒక్క పక్కే కోద్దాం, అది పూర్తయ్యాకే రెండోది అన్నాడు. రెండు పట్టెలూ ఒకేసారి తీస్తే మంచం ఉంటుందా?

సిల్ అంటే మూడు రేకులు. బయటిది కంటికి కనబడేది. మధ్యలో నిలువుగా ఒక పలక. లోపలిది నేలకి ఆనుకుని. ఇవి కాక అడుగున కోటగోడ పళ్ళలా ఎత్తుపల్లాలతో మడిచిన ఒక పొడవాటి పట్టీ ఉంటుంది, దాన్ని క్యాజిల్ రైల్ అంటారు. నేలనీ సిల్‌నీ కలిపి పట్టుకునేది అదే. తొందర గ్యారేజీలు బయటి రేకు ఒక్కటి మార్చి రంగేసి పంపేస్తాయి. ఎందుకంటే సరిగ్గా చెయ్యాలంటే బయటి రేకు ముందు రెక్క కిందికీ, వెనక రెక్క కిందికీ పోతుంది, వెనక రెక్క బోల్టులది కాదు, వెల్డింగుది, దాని అడుగుభాగం కోస్తే గానీ చెయ్యి దూరదు.

వెల్డింగ్ దగ్గర అంకుల్ కూడా మొదట తడబడ్డాడు. ఆయన చెయ్యి అర అంగుళం మందం ఓడ పలకలకి అలవాటు పడ్డది. ఇది మిల్లీమీటరు చిల్లర. “ఇది బిస్కెట్ డబ్బా” అని విసుక్కుని, నిజంగానే ఖాళీ బిస్కెట్ డబ్బాలు తెచ్చి, అద్దెకు తెచ్చిన మిగ్ వెల్డింగ్ మెషిన్‌తో వాటి మీద రెండు వారాలు సాధన చేశాడు. ఆంటీ దగ్గర డబ్బాలైపోతే మా ఇంట్లోంచి కూడా పట్టుకెళ్ళాం. తర్వాత ఆయన వేసిన కుట్టు చూడాలి. ఒక చోట అంగుళం వేసి వదిలేసేవాడు. జానెడు వదిలి ఇంకో అంగుళం. అవతలి కొసకెళ్ళి ఇంకోటి. చల్లారాక వెనక్కొచ్చి మధ్య ఖాళీలు పూడ్చేవాడు. ఒకేచోట వేడెక్కితే రేకు అలలు తేలుతుందట. వేలితో రాస్తే జపమాల పూసల్లా వరసగా తగిలేవి.

వెనక చక్రం దగ్గర పని చేస్తున్న రోజు ఒక తప్పు జరిగింది, నా వల్లే. తడిగుడ్డ, బకెట్టు పట్టుకుని అవతలి వైపు కాపలా కాయడం నా పని. ముందు రాత్రి ఆన్‌కాల్, కళ్ళు మూతలు పడుతున్నాయి. రేకు వెనకున్న పాత అండర్‌సీల్ కరిగి అంటుకుంది. తారు కాలిన వాసన ముక్కుకి తగిలేసరికి మంట చక్రం గూటిలోంచి జానెడు పైకి వచ్చేసింది. బకెట్టు నీళ్ళన్నీ పోశాను, సగం అంకుల్ మీద. ఆయన హెల్మెట్ తీసి, మొహం తుడుచుకుని, “మంట చూసేవాడు మంటనే చూడాలి” అన్నాడు. అరవలేదు. మెషిన్ ఆపేసి, నన్ను ఇంటికి పంపించి, నాలుగు రోజులు గ్యారేజీ తాళం తియ్యలేదు. ఆ నాలుగు రోజులూ ఆసుపత్రిలో ఎవరేం చెప్పినా రెండుసార్లు విన్నాను.

డిసెంబరులో అంకుల్ మాట తగ్గిపోయేది. మొదట్లో చలికేమో అనుకున్నాను. ఆంటీ ఒకరోజు టీ కప్పు చేతికిస్తూ, యార్డు మూసేసింది ఈ నెలలోనే కదా, అని ఊరుకుంది. పని మాత్రం ఆపేవాడు కాదు. చివర్లో నేల ఊడ్చి, పనిముట్లు గోడకి ఏ మేకుది ఆ మేకుకి తగిలించి, గడియారం చూసుకుని లైటు ఆర్పేవాడు. సరిగ్గా నాలుగున్నర. ఎవరు ఆయన్ని నాలుగున్నరకే పంపించాలి, ఇంకో అరగంట చేస్తే ఏం పోయింది అని నాకనిపించేది. అడగలేదు.

కుడివైపు సిల్ నా చేత వేయించాడు. బయటకి కనిపించని కుట్లు మాత్రమే. మెషిన్ ఆపి చూపిస్తే, టార్చి వేసి చాలాసేపు చూసి, “మనుషుల్ని కూడా ఇలాగే కుడతావా?” అన్నాడు. కోసి మళ్ళీ వేశాను. మూడోసారి ఏమీ అనలేదు. అంతకన్నా మెచ్చుకోలు ఆయన దగ్గర దొరకదు.

పెట్టె మూసేముందు లోపల జింక్ పెయింటు వేశాం. ఆ రోజు మా ఆవిడ పులిహోర ఇవ్వడానికి వచ్చింది. ఇదేమిటని అడిగితే, సిల్ అంటే గడప, కారు గడప అని చెప్పాను. తను ఇంటికెళ్ళి చిన్న గిన్నెలో పసుపు తడిపి పట్టుకొచ్చింది. “గడప అన్నాక ఉత్తినే మూసేస్తారా?” అని లోపలి రేకు మీద మూడు వేళ్ళతో రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. అంకుల్ గిన్నెలోకి తొంగి చూసి, చాలా సీరియస్‌గా, తుప్పుకి పనిచేస్తుందా అని అడిగాడు. మా ఇళ్ళల్లో చెదలకి పనిచేస్తుందంటారు అన్నాను. “అయితే అవతల కూడా పెట్టమను” అన్నాడు. పెట్టింది.

మార్చిలో బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసే ఎంఓటీ పరీక్షకి తీసుకెళ్ళాం. సీటుబెల్టు బిగించే చోటు చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు బాడీలో బలం లేకపోతే ఫెయిల్. అతుకేస్తే అతుకు చుట్టూ వెల్డింగ్ ఎక్కడా తెగకుండా ఉండాలి. ఇనస్పెక్టర్ బండిని పైకెత్తి, చిన్న సుత్తితో సిల్ పొడవునా తట్టుకుంటూ పోయాడు. మేమిద్దరం గోడకానుకుని ఆ చప్పుడే వింటున్నాం. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే ధ్వని. ఎంబీబీఎస్ వైవాలో కూడా నాకంత టెన్షన్ లేదు. ఆయన కిందనుంచి బయటికొచ్చి, ఇది ఎవరు చేశారు అని అడిగాడు. అంకుల్ నా వైపు చూపించాడు. నేను అంకుల్ వైపు చూపించాను.

రంగు మాత్రం కుదర్లేదు. ఆకుపచ్చకీ ఆకుపచ్చకీ తేడా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఎండలో చూస్తే తలుపుల కింద ఇప్పటికీ ఒక చాయ ఎక్కువ.

మొదటిసారి కప్పు దించి తీసినప్పుడు ముందు ఆంటీని ఎక్కించమన్నాడు అంకుల్. సముద్రం ఒడ్డున రోకర్ దాకా వెళ్ళి వచ్చాం. ఆవిడ తలకి స్కార్ఫ్ కట్టుకుని దారంతా నవ్వుతూనే ఉంది. తర్వాత ఆయన ఎక్కాడు. సముద్రం చూడలేదు, ఇంజన్ ఎలా ఉందనీ అడగలేదు. మోచెయ్యి తలుపు మీద ఆనించి, గతుకులొచ్చినప్పుడల్లా ఆ సందు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక దిగి, తలుపు రెండు వేళ్ళతో నెట్టాడు. క్లిక్‌మని పడింది. జేబులోంచి పౌండు తీసి పైన సందులో పెట్టి వదిలేశాడు. అది ఎక్కడా ఆగకుండా జారి, కింద ఆయన రెండో అరచేతిలో పడింది. అది నా చేతిలో పెట్టి, “ఉంచుకో” అని కంచె దాటి లోపలికెళ్ళాడు.

నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగం మారి మేము లెస్టర్ వచ్చేశాం. ప్రతి వేసవిలో ఆ కారులోనే సండర్‌ల్యాండ్ వెళ్ళేవాళ్ళం. అంకుల్ 2009లో పోయారు.

2017 అక్టోబరులో గుండ్రటి పౌండు నాణేలు చెలామణిలోంచి తీసేశారు. ఇంట్లో ఉన్నవన్నీ బ్యాంకులో ఇచ్చేశాం, గ్లవ్‌బాక్స్‌లో ఉన్నది తప్ప. కొత్తగా వచ్చిన పన్నెండు పలకల నాణెం మందం 2.8 మిల్లీమీటర్లు, పాతది 3.15. కొత్తది పెడితే ఎక్కడైనా వదులుగా జారిపోతుంది, దానితో ఏమీ తెలియదు. పాతది ఎడమ తలుపు పైమూలలో ఈమధ్య కాస్త పట్టుకుంటోంది. అక్టోబరు వచ్చాక సీట్లు విప్పి చూడాలి.